గోదాముల్లోంచి నడుముల మీదికి

అమెరికాలోని ఒక్లహామా రాష్ట్రంలో బార్ట్‌లెస్‌విల్ అని ఒక చమురు కంపెనీ ఊరు. అక్కడ 1951లో పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు వేరే ప్రయోగం చేస్తుంటే గట్టి ప్లాస్టిక్కు చేతికి చిక్కింది. వాళ్ళ యజమాని ఫిలిప్స్ పెట్రోలియం దానికి మార్లెక్స్ అని పేరు పెట్టి 1954లో అమ్మకానికి దిగింది. సరుకు మంచిదే కానీ ఒక విడతలా మరో విడత వచ్చేది కాదు. కొనేవాళ్ళు వెనకాడారు, గోదాములు నిండిపోయాయి. ఆ నిల్వల్ని చివరికి ఊడ్చి పట్టుకెళ్ళింది పెద్ద కర్మాగారాలేమీ కాదు. నడుము చుట్టూ తిప్పుకునే రింగు, అదే హులాహూప్.

ఇప్పుడు ఉదయాన్నే పార్కులోనో మేడమీదో దాన్ని తిప్పుతున్న పెద్దవాళ్ళని చూసి, పిల్లల బొమ్మ ఈమధ్యే కసరత్తుగా మారిందనుకుంటాం. జరిగింది దానికి తలకిందులు.

రింగుతో ఆట చాలా పాతది. లూవ్ర్ మ్యూజియంలో రెండున్నర వేల ఏళ్ళనాటి గ్రీకు కుండ మీద గానిమీడ్ అనే కుర్రవాడు చేతిలో రింగుతో కనిపిస్తాడు. బ్రూగెల్ 1560లో వేసిన పిల్లల ఆటల చిత్రంలోనూ రింగులు దొర్లించే పిల్లలున్నారు. పాత సైకిల్ టైరుని పుల్లతో కొట్టుకుంటూ వీధంతా పరిగెత్తిన మనవాళ్ళది కూడా ఆ వరసే. కానీ ఇవన్నీ నేలమీద దొర్లే రింగులు. నడుముకెక్కిన రింగు కథ మాత్రం ఆస్ట్రేలియాలో మొదలవుతుంది. 1950లలో అక్కడి బళ్ళలో, వ్యాయామం పీరియడులో పిల్లలు వెదురు రింగులు తిప్పేవాళ్ళు. గిరాకీ చూసి టోల్‌టాయ్స్ అనే కంపెనీ 1957లో ప్లాస్టిక్ రింగులు చేసింది. నాలుగు లక్షలు అమ్ముడుపోయాయి.

అమెరికాకి ఆ రింగుని చేర్చినవాళ్ళలో ఒకామె పేరు చాలాకాలం ఎక్కడా వినపడలేదు. జోన్ ఆండర్సన్. ఆస్ట్రేలియాలో పుట్టి, మోడలింగ్ చేసి, పెళ్ళయ్యాక కాలిఫోర్నియాలో స్థిరపడింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు అందరూ రింగు తిప్పుతుంటే చూసి, ఆనక ఒక వెదురు రింగు తెప్పించుకుంది. హులాహూప్ అన్న పేరు కూడా ఆమె ఇంట్లోనే పుట్టిందంటారు. భర్తకి తెలిసిన ఆర్థర్ మెలిన్‌కి చూపించింది. మెలిన్, రిచర్డ్ నెర్ అనే ఇద్దరు స్నేహితులు 1948లో ఉండేళ్ళు అమ్ముకుంటూ మొదలుపెట్టిన కంపెనీయే వామ్-ఓ. కాగితం లేదు, సంతకం లేదు. లాభమొస్తే మీకూ ఉంటుందన్న మాట మీద చేతులు కలిపారు.

1958లో వామ్-ఓ పార్కుల్లో పిల్లలకి రింగులు ఊరికే పంచి తిప్పించి చూపించింది. ధర 1 డాలరు 98 సెంట్లు. నాలుగు నెలల్లో రెండున్నర కోట్లు పోయాయి. రెండేళ్ళలో ఆ లెక్క పది కోట్లకి చేరిందంటారు. జపాన్‌దాకా పాకింది పిచ్చి. అంత వేగంగానే చల్లారింది కూడా. ఆ ఏడాది చలికాలం వచ్చేసరికి దుకాణాల్లో రింగులు గుట్టలుగా మిగిలాయి. అరగని, విరగని వస్తువు మరి. పిల్లకొకటి కొన్నాక రెండోది ఎవరు కొంటారు? పైగా రింగు అనేది ఎవరి సొత్తూ కాదు కనక పోటీ కంపెనీలు వేరే పేర్లతో దిగిపోయాయి. మెలిన్‌కి పేటెంట్ చేతికొచ్చింది 1963లో, జాతర ముగిసిన చాలాకాలానికి. కోట్లలో అమ్మినా లెక్కలు తేలేసరికి కంపెనీకి మిగిలింది స్వల్పం. జోన్ దంపతులు కోర్టుకెక్కి చిన్న మొత్తానికి రాజీ పడ్డారు. ఆమె కథ లోకానికి తెలిసింది 2018లో, ‘హులా గర్ల్’ అనే చిన్న డాక్యుమెంటరీ వచ్చాక. అప్పటికామెకి తొంభై దాటాయి.

నన్నడిగితే రింగుకి అసలు అన్యాయం జరిగింది దాన్ని పిల్లల కొలతకి కుదించినప్పుడు. తేలికైన చిన్న రింగు గిర్రున తిరగాలి. పెద్దవాళ్ళ నడుము ఆ వేగం అందుకోలేదు. రెండు చుట్లకే అది జారిపోతే మనకి చేతకాదని పక్కన పడేస్తాం. 1990లలో ఈ చిక్కుని విప్పింది బొమ్మల కంపెనీలు కాదు, పాటకచేరీలకి వెళ్ళే కుర్రకారు. స్ట్రింగ్ చీజ్ ఇన్సిడెంట్ అనే అమెరికన్ బ్యాండువాళ్ళు జనంలోకి పెద్దపెద్ద రింగులు విసిరేవాళ్ళు. అభిమానులు పొలాలకి నీళ్ళు పారించే నల్ల పైపు కొని, కోసి, కొసలు కలిపి సొంతంగా రింగులు చేసుకున్నారు. మన బోరుబావుల్లోకి దించే నల్ల హెచ్‌డీపీఈ పైపుదీ మార్లెక్స్ వంశమే!

పెద్ద రింగు నింపాదిగా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ దాన్ని నెట్టడానికి ఒంటికి వ్యవధి దొరుకుతుంది. మరి అది కింద పడకుండా ఎందుకుంటుందన్నదాన్ని న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు చిన్న రోబోల మీద పరీక్షించి 2024 చివర్లో ప్రచురించారు. నిటారు స్తంభంలాంటి రోబో మీద రింగు నిలవలేదు. శంకువులాంటి దాని మీద పైకో కిందికో పోయింది. తుంటి దగ్గర ఏటవాలూ, నడుము దగ్గర డమరుకంలా నొక్కూ ఉన్నదాని మీదే నిలిచింది. కాబట్టి కొందరికి తొందరగా పట్టుబడటం, కొందరికి ఆలస్యం కావడం కొంత ఒంటి తీరులోనూ ఉండొచ్చు.

లాభం సంగతికొస్తే, ఫిన్లాండ్‌లో 53 మంది లావుపాటివాళ్ళ మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఆరు వారాలు ఒకటిన్నర కిలోల రింగుని రోజుకి సగటున 13 నిమిషాలు తిప్పితే నడుము కొలత దాదాపు 3 సెంటీమీటర్లు తగ్గింది. రోజుకి పదివేల అడుగులు నడిచినప్పుడు తగ్గింది ఒక సెంటీమీటరు లోపే. అయితే శరీర బరువులో పెద్ద తేడా రాలేదు. ప్రకటనలవాళ్ళు ఈ చివరి ముక్క మింగేస్తారు. బరువు తగ్గాలంటే పళ్ళెం వైపు కూడా చూసుకోవాల్సిందే.

మన దేశంలో దీనికి ఊపు తెచ్చింది ఢిల్లీ అమ్మాయి ఎష్నా కుట్టి. 2020లో చీర కట్టి, బూట్లు తొడుక్కుని, ‘గేందా ఫూల్’ పాటకి రింగు తిప్పిన ఆమె వీడియో చూడనివాళ్ళు తక్కువ. ఆమె మొహంలో కసరత్తు చేస్తున్న కష్టం కనపడదు. రింగు గొప్ప అదే. ట్రెడ్‌మిల్ మీద గడియారం చూసుకునేవాళ్ళే రింగుతో కాలం మరిచిపోతారు.

మొదలుపెట్టేవాళ్ళు నిలబెడితే బొడ్డుదాకా వచ్చే రింగు తీసుకోవాలి. మరీ బరువైనదైతే మొదట్లో నడుము కమిలిపోతుంది. ఒక పాదం ముందుకి వేసి, రింగుని వీపుకి ఆనించి, ఒక్క తోపు తోసి వదలండి. నడుముని గుండ్రంగా తిప్పాలనుకోవడమే అందరూ చేసే పొరపాటు. ముందుకీ వెనక్కీ ఊగితే చాలు, తిరిగే పని రింగుది. జారే పట్టు, నైలాన్ బట్టలకంటే నూలు బట్ట మేలు. వెన్నునొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడిగే ముట్టుకోవాలి. ఒంటికి బిగించుకుంటే ఎన్నటికీ పడని రింగులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. పడనిదాన్ని నిలబెట్టుకోవడంలో సరదా ఏముందో నాకైతే అంతుపట్టదు. మామూలు రింగు పడుతుంది, వంగి తీయాలి, అదీ లెక్కలోకే వస్తుంది. చుట్టూ బారెడు జాగా చూసుకోండి, టీవీకి దూరంగా.