జయపురపు మన్నెములో అభివృద్ధి శాసనములు, కొండవారి సమ్మతి

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ ప్రాంతములందు తెలుగువారి నివాసము నిన్న మొన్నటిది కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువరకు జయపురము సంస్థానము మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. జయపురాధీశుడగు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలొసగు ఏర్పాటు గావించెను. అచటి శాస్త్ర కళాశాలకు జయపురము పేరు పెట్టబడెను. ఈ సంబంధమును మనము సగర్వముగా తలచుకొందుము. కాని ఆ సంస్థానపు కొండలలో, అడవులలో నివసించినవారిని ఏ శాసనము ఎప్పుడు సంప్రదించినదను విషయమును మనవారు అంతగా విచారింపలేదు. ఆ విచారణమే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1839 నాటి 24వ చట్టము గంజాము, విశాఖపట్టణము జిల్లాల మన్నెపు భాగములను సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, గవర్నరు ఏజంటను పేర కలెక్టరు చేతిలో ఉంచెను. 1882 నాటి మదరాసు అటవీ చట్టము సర్కారు భూములను రిజర్వు అడవులుగా ప్రకటించుటకు మార్గమేర్పరచెను. హక్కులు గలవారు గడువులోగా విన్నవించుకొనవచ్చునని అందు కలదు. కాని చదువెఱుగని కొండరైతునకు ఆ ప్రకటన పత్రము వలన ఏమి ప్రయోజనము? 1894 నాటి భూసేకరణ చట్టము ప్రజాప్రయోజనమునకై తీసికొన్న భూమికి పరిహారమీయవలెనని విధించెను. అయినను తరతరములుగా కొండవాలున పోడు చేయుచు పట్టా లేనివాడు ఆ లెక్కకు సులభముగా ఎక్కలేదు.

1917 నాటి మదరాసు ఏజెన్సీ చట్టము మరియొక మార్గము త్రొక్కెను. కొండజాతివారి భూమి ఏజంటు అనుమతి లేనిదే ఇతరులకు చెందరాదని అది శాసించెను. ఈ చట్టమునకు కారణమైనవారు మైదానములనుండి మన్నెమెక్కిన వర్తకులు, షావుకార్లు. వారిలో మనవారును కలరను మాట దాచదగినది కాదు. చట్టము మేలైనదే, కాని అందు అడుగవలసినది ఏజంటును, ఊరివారిని కాదు. రక్షణ కలిగెను గాని సమ్మతికి చోటు దొరకలేదు.

ఇట్టి స్థితిలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకము వచ్చెను. 1946లో మదరాసు, ఒరిస్సా ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనెను. జలాపుట్‌లో ఆనకట్ట వెలసెను. డుడుమ జలపాతపు నీరు యంత్రములవైపు మరలెను. 1955లో విద్యుదుత్పత్తి ఆరంభమయ్యెను. దాని పూర్తి సామర్థ్యము 114.75 మెగావాట్లు. ఆ వెలుగులో పెద్ద పాలు ఆంధ్రకే వచ్చెను. ఆంధ్ర జిల్లాల పరిశ్రమలకు, ఇండ్లకు ఈ విద్యుత్తు చేసిన మేలు తక్కువది కాదు. జలాశయములో మునిగిన పల్లెల వారిని మాత్రము పథకమునకు ముందు ఊరూర సభ చేర్చి సమ్మతి కోరవలెనను విధి నాటి ఏ చట్టమునను లేదు.

స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రింద ఒరిస్సాలో 1956లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1959లోను భూబదలాయింపు నిబంధనలు వెలువడెను. ఆంధ్ర నిబంధన 1970లో మిక్కిలి కఠినమయ్యెను. దాని ఫలితము విశాఖ మన్నెపు అనంతగిరి మండలములో కానవచ్చెను. బొర్రా ప్రాంతమున ప్రైవేటువారికిచ్చిన గనుల కౌళ్లపై సమత అను సంస్థ న్యాయస్థానమున కెక్కెను. ప్రభుత్వమును ఆ నిషేధమునకు లోబడినదే యని 1997 జులై 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతకు ముందే 1996లో వచ్చిన షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ విస్తరణ చట్టము భూసేకరణకు ముందు గ్రామసభను గాని పంచాయతీని గాని సంప్రదింపవలెననెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు అడవిని, నీటిని, సంస్కృతిని కాపాడుకొను అధికారమొసగెను.

ఈ చట్టములకు పరీక్ష రాయగడ, కలహండి జిల్లాల నడుమనున్న నియమగిరిలో జరిగెను. అచటి డోంగ్రియా కోందులు మాటాడు కువి భాష మన తెలుగునకు దగ్గరి చుట్టము. కొండను వారు నియమరాజుగా కొలుతురు. కొండ తలపై బాక్సైటు కలదు. దిగువనున్న లాంజిగఢ్‌లో అల్యూమినా కర్మాగారము 2007లో ఉత్పత్తి ప్రారంభించెను. కాని గనికి తుది అనుమతి అప్పటికి లేదు. 2008లో సుప్రీంకోర్టు షరతులతో అడవి మళ్లింపునకు అనుకూలించెను. 2010లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ తుది అనుమతిని నిరాకరించెను. 2013 ఏప్రిల్ 18వ తేదీన సుప్రీంకోర్టు, కొండవారి హక్కులను, దైవారాధన హక్కును గ్రామసభలే విచారింపవలెనని ఆదేశించెను. ఆ యేట జులై, ఆగస్టు నెలలలో న్యాయాధికారుల సమక్షమున 12 పల్లెలలో సభలు జరిగెను. పండ్రెండును గనిని వలదనెను. 2014 జనవరిలో కేంద్రము అనుమతిని తిరస్కరించెను.

కొందరు దీనిని అభివృద్ధికి అడ్డుగా చూచుదురు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. అల్యూమినియము లేనిదే విద్యుత్తు తీగలు లేవు. కలహండి పేదరికము ఎల్లరెఱిగినదే. అయితే నష్టము ఎచట కలిగినదో చూడవలెను. గ్రామసభను అడిగినందున కాదు, కర్మాగారము కట్టిన పిదప అడిగినందున కలిగినది. కొండపై పల్లెలను మొదటనే అడిగియుండిన, పెట్టుబడిదారు వేరుచోట ఖనిజమును చూచుకొని కర్మాగారమును అందుకు తగినచోట నెలకొల్పియుండును; కొండవారికిని ఏండ్ల తరబడి పోరాటము తప్పియుండును. లాంజిగఢ్ కర్మాగారము తరువాత ఇతర ప్రాంతముల బాక్సైటుతోనే నడచుట ఇందులకు నిదర్శనము.

ఈ క్రమము ఇంకను స్థిరపడలేదు. 2022 నాటి అటవీ సంరక్షణ నియమములు అటవీహక్కుల పరిష్కారమును కేంద్రపు అనుమతి తరువాత రాష్ట్రప్రభుత్వము చూచుకొనునట్లు వెనుకకు జరిపెను. అడుగుట మరల చివరి మెట్టునకు చేరు ప్రమాదము ఇందు కలదు.

ఈ ప్రాంతపు తెలుగువారమగు మనకు ఇందు ఒక కర్తవ్యము కలదు. మనవారిలో పెక్కురు తెలుగుతోపాటు ఒడియాను, కచేరి వ్యవహారమును ఎఱిగినవారు. కొందరు కువిని సంతలలో నేర్చినవారు. పథకముల నివేదికలు కొండపల్లెలకు చేరునపుడు అందలి విషయమును వారి మాటలో ఉన్నదున్నట్లు తెలుపగలవారు వీరే. పూర్వము ఈ నేర్పు అప్పుపత్రములు వ్రాయుటకు ఉపయోగపడినది. ఇకమీదట అది సభలో కొండవాడు తెలిసి ఔననుటకో, తెలిసి కాదనుటకో ఉపయోగపడవలెను.