మరుగుజ్జుతనం

మరుగుజ్జుతనం లేదా వామనత్వం అనగా వైద్యపరమైన లేదా జన్యుపరమైన కారణం వలన మనిషి ఎత్తు మిక్కిలి తక్కువగా ఉండిపోవడం. పెద్దవారి ఎత్తు 147 సెంటీమీటర్లు (4 అడుగుల 10 అంగుళాలు) లేదా అంతకంటే తక్కువ అయినచో సాధారణంగా ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఇది ఒకే వ్యాధి కాదు, దీనికి దారితీసే స్థితులు వందలకొద్దీ ఉన్నాయి. కొందరిలో అవయవాలన్నీ ఒకే నిష్పత్తిలో చిన్నవిగా ఉంటాయి. మరికొందరిలో మొండెం దాదాపు మామూలుగానే ఉండి, కాళ్ళు చేతులు పొట్టిగా ఉంటాయి.

అకాండ్రోప్లేసియా

రెండవ రకానికి అతి సాధారణ కారణం అకాండ్రోప్లేసియా. ఈ గ్రీకు పేరుకు మృదులాస్థి ఏర్పడకపోవడం అని అర్థం. నిజానికి ఈ పేరు అంత సరైనది కాదు. మృదులాస్థి ఏర్పడుతుంది, అది ఎముకగా మారడమే మందగిస్తుంది. 4వ క్రోమోజోముపై గల ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులోని ఉత్పరివర్తన దీనికి మూలమని 1994లో కనుగొన్నారు. ఎముకల పెరుగుదలకు కళ్ళెం వేయడం ఆ జన్యువు పని. ఉత్పరివర్తన వలన ఆ కళ్ళెం ఎప్పుడూ బిగిసే ఉంటుంది.

ఈ స్థితితో పుట్టేవారిలో ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురి తల్లిదండ్రులు మామూలు ఎత్తు గలవారే. గర్భిణి తిన్న ఆహారం గానీ, గ్రహణం చూడటం గానీ దీనికి కారణం కాదు. తల్లిదండ్రులలో ఒకరికి ఈ స్థితి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. ఇద్దరికీ ఉన్నప్పుడు, ఇద్దరి నుండీ మారిన జన్యువునే పొందిన శిశువు సాధారణంగా బ్రతకదు.

తెలివితేటలకు లోపం ఉండదు. అసలు ప్రమాదం ఎత్తులో కాక పుర్రె అడుగున ఉంటుంది. అక్కడి రంధ్రం ఇరుకైనందున వెన్నుపాముపై ఒత్తిడి పడి, కొందరు శిశువులకు నిద్రలో శ్వాస ఆగిపోవచ్చు. అందుచేత మొదటి రెండు సంవత్సరాలలో వైద్య పర్యవేక్షణ అత్యవసరం.

హార్మోను లోపం, చికిత్స

పీయూష గ్రంథి నుండి పెరుగుదల హార్మోను చాలినంత విడుదల కానప్పుడు మొదటి రకం ఏర్పడుతుంది. పూర్వం ఈ హార్మోనును మృతదేహాల నుండి తీసేవారు. దాని వలన కొందరికి క్రాయిట్జ్‌ఫెల్డ్-జేకబ్ అనే ప్రాణాంతకమైన మెదడు వ్యాధి సోకినట్లు 1985లో తేలడంతో పలు దేశాలలో ఆ పద్ధతి ఆగిపోయింది. అదే సంవత్సరం జన్యు సాంకేతికతతో తయారైన హార్మోను అమెరికాలో అనుమతి పొందింది. ఎముకల చివరి పెరుగుదల ఫలకాలు మూసుకొనక ముందే ఇస్తేనే ఇది ఎత్తు పెంచుతుంది.

అకాండ్రోప్లేసియాకు వోసోరిటైడ్ అనే ఇంజెక్షన్ 2021లో ఐరోపా, అమెరికాలలో అనుమతి పొందింది. ఇది రోజూ తీసుకోవలసిన మందు.

భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మరుగుజ్జుతనాన్ని చలన సంబంధ వైకల్యాలలో చేర్చింది.