పేరొకటే, తూకాలు రెండు

మొన్న మా అబ్బాయి కొత్త హార్డ్ డిస్క్ కొన్నాడు. డబ్బా మీద 1 టీబీ అని ఉంది, కంప్యూటర్‌ మాత్రం 931 జీబీ అని చూపించింది. "అబ్బా, దుకాణ్‌దార్ ధోకా చేశాడు" అంటూ ఫోన్‌లో షికాయత్ రాయడం మొదలుపెట్టాడు. "ఆగు బేటా, ఎవరి మీదా ఇల్జామ్ వేసే ముందు హిసాబ్ చూద్దాం" అన్నాను.

కిలో అంటే వెయ్యి అని 1795లోనే ఫ్రాన్స్ చట్టం ఖరారు చేసింది. కంప్యూటర్ మెమరీ లెక్క మాత్రం రెండు మీద నడుస్తుంది. పది రెళ్లను గుణిస్తే 1024. వెయ్యికి దగ్గరే కదా అని ఇంజనీర్లు దాన్నీ కిలో అనేశారు. అక్కడ ఫరక్ 2.4 శాతమే. గిగా దగ్గరికి వచ్చేసరికి అది 7.4 అయింది, టెరా దగ్గర దాదాపు 10.

డిస్క్ కంపెనీలు వెయ్యి లెక్కన అమ్ముతాయి. విండోస్ 1024తో భాగిస్తుంది, పేరు మాత్రం అదే రాస్తుంది. లక్ష కోట్ల బైట్లను మూడుసార్లు 1024తో భాగించండి, 931 వస్తుంది. ఒక్క బైటూ గాయబ్ కాలేదు! మా కాలేజీ రోజుల 1.44 ఎంబీ ఫ్లాపీ ఇంకా అజీబ్. 1440ని 1024తో హెచ్చించిన లెక్క అది, సగం ఈ తూకం, సగం ఆ తూకం.

మా నానీ కాలంలో సేర్ అంటే "పక్కా సేరా, కచ్చా సేరా?" అని అడగాల్సి వచ్చేది. 1956 చట్టం దేశమంతటికీ మెట్రిక్ తూకం తెచ్చింది. కంప్యూటర్ తూకాలకూ ఇలాజ్ దొరికింది. 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది. 2009లో ఆపిల్ తన మ్యాక్‌లో ఫైళ్లను వెయ్యి లెక్కనే చూపడం మొదలుపెట్టింది. విండోస్ పాత ఆదత్ వదల్లేదు.

నా రాయ్ సాఫ్‌గా చెబుతాను. కిలో బియ్యానికీ, కిలోమీటర్‌కీ వెయ్యే అయినప్పుడు కిలోబైట్‌కీ వెయ్యే ఉండాలి. 1024 కావాలంటే వాడుకోండి, మెమరీకి అది జరూరత్. కానీ కిబి అని రాయండి. రెండు తూకాలుండటం గునాహ్ కాదు. రెంటికీ ఒకే పేరు పెడితే నష్టపోయేది బేకసూర్ దుకాణ్‌దార్.

మా వాడు రాసిన షికాయత్ చెరిపేశాడు.