సరుకు ఒక్కటే చాలదు, సేవ కూడా కావాలి: బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చెప్పే పాఠం

కిరాణా షాపులో కొన్న సబ్బు వస్తువు. సెలూన్‌లో కటింగ్ సేవ. కానీ చాలా వ్యాపారాల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. నిజామాబాద్‌లో హోటల్‌కు పోయి బిర్యానీ తింటే ప్లేట్లో ఉన్నది వస్తువు, వండి వడ్డించడం సేవ. జీఎస్టీ చట్టం ఈ రెండింటినీ కలిపి సేవగానే లెక్కిస్తుంది.

జిల్లాలో దీనికి పెద్ద ఉదాహరణ బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ. నిజాంసాగర్ నీళ్లు పారే ఈ ప్రాంతంలో 1937లో నిజాం ప్రభుత్వం దీన్ని స్థాపించింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరుండేది.

రైతుకు అందే సేవ ఏంటి?

రైతు చెరకు అమ్ముతాడు, ఫ్యాక్టరీ కొంటుంది. చూడ్డానికి అంతే. కానీ నరికిన చెరకు నిల్వ ఉండదు. గంటలు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, చక్కెర శాతం పడిపోతుంది. అందుకే ఏ పొలం ఎప్పుడు నరకాలో చెప్పే కటింగ్ ఆర్డర్, బండి వచ్చిన వెంటనే కాటా, సరైన తూకం, టైముకు పేమెంట్ కావాలి. ఇవన్నీ సేవలే.

సేవ బాగుంటే ధర కూడా బాగుంటుంది. 2025-26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ఎఫ్‌ఆర్‌పీ 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 355 రూపాయలు. రికవరీ ప్రతి 0.1 శాతం పెరిగితే 3.46 రూపాయలు కలుస్తాయి. ఈ రికవరీ ఫ్యాక్టరీ మొత్తం సగటు. కాబట్టి గేటు దగ్గర బండ్లు ఆగిపోతే నష్టం అందరిదీ.

పేమెంట్‌కు చట్టం ఉంది. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి.

మూత తర్వాత

2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు మూతపడ్డాయి. దగ్గర్లో కొనేవాడు లేక చాలామంది రైతులు చెరకు వదిలి వరికి మళ్లారు. నేల అదే, నీళ్లూ అవే. పోయింది సేవ.

పునరుద్ధరణ కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. అయితే మిషన్లు తిరిగితే సరిపోదు. కటింగ్ ఆర్డర్ ఎప్పుడిస్తారు, రవాణా ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో పడుతుంది? ఈ మూడింటికీ రాతపూర్వక జవాబు దొరికితేనే రైతు మళ్లీ చెరకు నాటే ధైర్యం చేస్తాడు.