పిడికెడు బియ్యం, ఒక లెక్క పుస్తకం – మన ఇళ్ల పొదుపు చరిత్ర

మన సంఘం వార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని పెద్దలు అడిగినప్పుడు, నవాబుల చరిత్ర రాయాలా, దర్గాల చరిత్ర రాయాలా అని మేము కొంత తర్జనభర్జన పడ్డాము. చివరికి ఇంటి చరిత్ర రాయడమే మేలని తోచింది. నెల మొదటి తారీఖున ఇంట్లోకి వచ్చిన పైసలు ముప్పయ్యో తారీఖు దాకా ఎట్లా నడిచాయన్నది కూడా చరిత్రే. దాన్ని ఎవరూ రాయరు, అంతే తేడా.

ఇది రాయడానికి ఇంకొక కారణం ఉన్నది. సంఘానికి వచ్చే అర్జీలు చూస్తే, తిండి లేక వచ్చేవి తక్కువ, వడ్డీ కట్టలేక వచ్చేవి ఎక్కువ. ఆ మధ్య ఒక కుటుంబం తమ కుట్టుమిషనును అప్పు కింద ఇచ్చేసింది. ఆ ఇంటికి అన్నం పెట్టేదే ఆ మిషను. అమ్మాయి నిఖా కోసం నూటికి మూడు రూపాయల వడ్డీ మీద 40,000 తెచ్చారు. నెలకు 1,200, ఏడాదికి 14,400. మూడేళ్లలో 43,200 వడ్డీ కట్టారు, అసలు మాత్రం అట్లాగే ఉన్నది. అదే 1,200 నిఖాకు మూడేళ్ల ముందు నుంచి దాచి ఉంటే, అప్పు ముఖమే చూడనక్కరలేదు. ఈ చిన్న లెక్క ముందు ఎందుకు వేసుకోలేకపోయాం? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెనక్కి పోతే మాకు దొరికిన సంగతులు ఇవి.

జంక్షను, జీతం, ఉద్దెర

డోర్నకల్ ఒకప్పుడు చిన్న పల్లె. 1880ల చివర నిజాం రైలు సికింద్రాబాదు నుంచి బెజవాడ వైపు సాగి, ఇక్కడి నుంచి సింగరేణి బొగ్గు గనులకు ఇంకొక దారి చీలడంతో ఇది జంక్షను అయింది. రైలుతో పాటు మన ప్రాంతానికి ఇంకొక కొత్త వస్తువు వచ్చింది. అదే నెల జీతం.

అంతకు ముందు చుట్టుపక్కల ఊళ్లలో ఆదాయమంటే పంట. ధాన్యం ఇంటికి వచ్చాక గరిసెలో ఎంత ఉన్నదో కళ్లకు కనబడేది. ఏడాది పొడుగునా దాన్ని చూసుకుంటూ వాడేవారు. దూదేకుల ఇళ్లలో దూది ఏకినందుకు, పరుపులు కుట్టినందుకు కూడా చాలాచోట్ల గింజలే కూలి. గింజలు చాలకపోతే నాగుకు తెచ్చేవారు. పంట వచ్చాక ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇయ్యాలి. ఆ బాధ ఆ రోజుల్లోనూ ఉన్నది.

నెల జీతం సంగతి వేరు. నాణేలు గరిసెలో కనబడవు, జేబులో నుంచి జారిపోతాయి. దానికి తోడు ఉద్దెర. నెలంతా కిరాణా కొట్టులో చిన్న పుస్తకం మీద రాయించుకుని సామాను తేవడం, జీతం రోజున ఆ బాకీ తీర్చి వట్టి చేతులతో ఇంటికి రావడం, మర్నాడు మళ్లీ అదే పుస్తకం తీసుకుపోవడం. ఉద్దెరకు తెచ్చేవాడు ధర అడగడు, తూకం చూడడు. మన ఇంటి లెక్క మన దగ్గర లేకుండా షావుకారు దగ్గర ఉండే అలవాటు అక్కడే మొదలైందని మా అభిప్రాయం.

లెక్క వేయడం కూడా అంత సులువు కాదు. నిజాం రాజ్యంలో నడిచేది హాలీ సిక్కా. బెజవాడ వైపు బ్రిటిషు వారి ఇలాకాలో అడుగు పెడితే కల్దారు రూపాయి కావాలి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. 1951 తరువాత హాలీ కొత్తగా రావడం ఆగిపోయింది, 1959లో పూర్తిగా రద్దయింది. ఈలోగా 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసల లెక్క వచ్చింది. మా దాదీ బడి ముఖం చూడలేదు, అయినా ఈ మూడు లెక్కలూ నోటితోనే వేసేది. ఆమె దగ్గర నాలుగు రేకు డబ్బాలు ఉండేవి. ఇంటి కిరాయికి ఒకటి, బియ్యానికి ఒకటి, పిల్లల చదువుకు ఒకటి, ఈదుకు ఒకటి. ఒక డబ్బాలో పైసలు ఇంకొక డబ్బాలోకి పోవాలంటే ఇంట్లో పెద్ద పంచాయితీయే జరిగేది. బడ్జెట్ అనే మాట ఆమెకు తెలియదు. కానీ ఆమె చేసింది అదే గదా!

పిడికెడు బియ్యం

డోర్నకల్ పేరు దూరదేశాలకు తెలిసింది బిషప్ అజరయ్య గారి వల్ల. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన సంఘంలో ఎక్కువ మంది నిరుపేదలు, కూలి చేసుకుని బతికేవారు. అట్లాంటి వారు కూడా విదేశీ సొమ్ము మీద ఆధారపడకుండా తమ సంఘాన్ని తామే నడుపుకోవాలని ఆయన పట్టుదల. అందుకు ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు విడిగా తీసి పెట్టేవారు. అట్లా పోగైన బియ్యం సంఘానికి కానుకగా పోయేది. గుమ్మటాలతో మన కట్టడాల పోలికలు కూడా కనిపించే ఇక్కడి పెద్ద చర్చి అనేక ఏళ్లపాటు మెల్లమెల్లగా లేచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకున్నది.

ఇది వేరే మతస్థుల సంగతి గదా, మనకెందుకు అని ఎవరూ అనుకోవద్దు. మన వాళ్లు ఇంతకు ముందే ఇదే పని చేశారు. 1884లో లాహోరులో అంజుమన్ హిమాయతె ఇస్లాం ఏర్పడినప్పుడు, అక్కడి ఇళ్లలో ఆడవాళ్లు రొట్టెల పిండి తీసేటప్పుడు ఒక గుప్పెడు పిండి వేరే కుండలో వేసేవారు. ఆ పిండిని పోగుచేసి, అమ్మి, ఆ పైసలతో బడులు, అనాథ శరణాలయం నడిపారు. ముఠ్ఠీ ఫండ్ అనే పేరు మన పెద్దలు చాలామంది విన్నదే. ఎన్నో మదర్సాలు దాని మీదనే నడిచాయి.

పిడికెడులో ఏమున్నది అంటారేమో, లెక్క చూడండి. పిడికెడు బియ్యం సుమారు 50 గ్రాములు అనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు, ఏడాదికి 36 కిలోలు. వండిన అన్నంలో ఆ వెలితి ఎవరికీ తెలియదు. కిటుకు అంతా ముందు తీయడంలో ఉన్నది. తిన్నాక మిగిలితే తీద్దామంటే ఏ ఇంట్లోనూ మిగలదు.

వడ్డీ లేని అప్పు

దాచిన సొమ్ము ఎక్కడ పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. బ్రిటిషు ఇండియాలో 1882లో పోస్టాఫీసు సేవింగ్సు బ్యాంకు వచ్చింది. 1904లో సహకార సంఘాల చట్టం చేశారు. హైదరాబాదు రాజ్యంలో అట్లాంటి చట్టం 1914లో వచ్చింది. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పెట్టారు. అదే తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది.

వీటన్నిటిలో వడ్డీ ఉన్నది గనుక మన వాళ్లలో చాలామంది దూరంగా ఉండిపోయారు. విచిత్రం ఏమంటే, వడ్డీ తీసుకోవడం హరామని బ్యాంకు గడప తొక్కనివారే అవసరం వచ్చినప్పుడు ప్రైవేటు వడ్డీకి తలవంచారు. తీసుకునే వడ్డీకి భయపడి, ఇచ్చే వడ్డీలో మునిగిపోయాం. ఇది చేదు మాటే గానీ అనక తప్పదు.

దీనికి దారి చూపినవారు కూడా మన హైదరాబాదులోనే ఉన్నారు. 1923లో ఒక సర్కారు శాఖ ఉద్యోగులు కలిసి అంజుమన్ ఇమ్దాదె బాహమీ ఖర్జ్ బిలా సూద్ అనే సంఘం పెట్టుకున్నారు. వడ్డీ లేని అప్పు కోసం పరస్పర సహాయ సంఘం అని దాని అర్థం. హైదరాబాదులో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, 2002లో కన్నుమూసిన గొప్ప పండితులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు ఇట్లాంటి సంఘాల గురించి 1940లలోనే వ్యాసం రాశారు. ఉత్తరాదిలో దేవబందు ముస్లిం ఫండ్ 1961లోను, మన హైదరాబాదులో తూర్ బైతుల్ మాల్ 1966లోను మొదలయ్యాయి.

ఇట్లాంటి సంఘాలు నడిచే తీరు తేలికే. సభ్యులు తలా కొంచెం జమ చేస్తారు. అవసరమైన సభ్యుడికి నగ కుదువ మీదనో, ఇద్దరు సభ్యుల జామీను మీదనో అప్పు ఇస్తారు. తీసుకున్నంతే కిస్తీల్లో తిరిగి కట్టాలి. కాగితం, గుమాస్తా ఖర్చులకు మాత్రం కొద్ది రుసుము ఉంటుంది. దీని ప్రాణమంతా రెండింటిలో ఉన్నది. మొదటిది సమయానికి కట్టడం, రెండవది లెక్క అందరికీ చూపడం. ఒకడు కట్టకపోతే నష్టపోయేది షావుకారు కాదు, వరుసలో తరువాత నిలబడిన పేదవాడు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగు ఉండాలని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన ముందుకు తీసుకుపోరాదని తేల్చింది. ఆ ఖాళీలో హలాల్ లాభం పేరు చెప్పి పెద్ద రాబడి ఆశ చూపిన కొన్ని కంపెనీలు 2018, 2019లలో హైదరాబాదులో, బెంగళూరులో కూలిపోయాయి. ఎందరో విధవల సొమ్ము, పెళ్లికని దాచిన సొమ్ము అందులో పోయింది. లాభం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేనివాడి చేతిలో పైసలు పెట్టవద్దు, వాడు ఎంత గడ్డం పెంచినా సరే.

ఆడవాళ్ల చేతి లెక్క

మన రాష్ట్ర చరిత్రలో పొదుపు ఉద్యమం నడిపింది ఆడవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం ఫలితంగా 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. మగవాళ్లు తాగుడుకు పోసే పైసలు ఇంట్లో మిగలడంతో, అదే జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున దాచే పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. మన వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కూడా ఆ కాలంలోనే మహిళా పొదుపు సహకార సంఘాలు బలపడ్డాయి. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సభ్యుల సొమ్ముతోనే నడిచే సంఘాలకు స్వేచ్ఛ ఇచ్చింది.

ఇందుకు విరుద్ధమైన పాఠం 2010లో వచ్చింది. ఇంటింటికీ వచ్చి సులువుగా అప్పులిచ్చిన మైక్రోఫైనాన్సు కంపెనీల వసూళ్లు తట్టుకోలేక కుటుంబాలు చితికిపోతే, ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. తన పొదుపు మీద తీసుకున్న అప్పు వేరు, గడప ముందుకు వచ్చి నిలబడిన అప్పు వేరు. ఇప్పుడది ఫోనులోకే వచ్చేసింది. ఒక్క వేలు నొక్కితే అప్పు! దాదీల నాటి ఉద్దెర పుస్తకానికి కనీసం షావుకారు ముఖమైనా ఉండేది.

మన ఇళ్లలో ఆడవాళ్లు బీసీలు వేసుకోవడం మామూలే. ఇరవై మంది తలా 500 వేస్తే నెలకు ఒకరికి 10,000 అందుతుంది. వేలం పాట లేకుండా, వరుస ప్రకారం ఇస్తే అందులో వడ్డీ మాటే లేదు. మంచిదే, కానీ ఎవరు ఎంత కట్టారో రాసి పెట్టుకోవాలి. నోటి మాట మీద నడిచిన బీసీలు చుట్టరికాలనే తెంపిన సందర్భాలు మేము చూశాము.

దీన్ నేర్పిన లెక్క

లెక్క రాయడం లోకవ్యవహారం, దీన్‌కు సంబంధం లేదని కొందరి ఉద్దేశం. అది పొరపాటు. పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరె బఖరాలోని 282వది, అప్పును రాసుకోవడం గురించీ, సాక్షులను పెట్టుకోవడం గురించీ చెప్తుంది. యూసుఫ్ అలైహిస్సలాం గారు ఏడు మంచి సంవత్సరాల పంటను ఏడు కరువు సంవత్సరాలకు దాచిన చరిత్ర మన పిల్లలందరికీ తెలుసు.

ఇక జకాత్ సంగతి. ఏడున్నర తులాల బంగారం గానీ, యాభై రెండున్నర తులాల వెండి గానీ, వాటి విలువ గానీ ఏడాది నిండా ఉన్నవారు నలభయ్యవ వంతు ఇయ్యాలి. అది ఇయ్యాలంటే ఇంట్లో ఎంత ఉన్నది, రావలసింది ఎంత, ఇయ్యవలసింది ఎంత అని ఏడాదికి ఒకసారైనా కూర్చుని లెక్క చూడాలి. లెక్క లేనిదే జకాత్ సరిగా తేలదు. మసలాలు ఉలమాను అడిగి తెలుసుకోండి, లెక్క పుస్తకం మాత్రం మీరే రాయాలి.

మనం చేయవలసినది

ఈ చరిత్ర అంతా చదివి సంచిక మూసేస్తే లాభం లేదు. అందుకే సభ్యుల కుటుంబాలకు మా మనవి.

నలభై పేజీల నోటుబుక్కు ఒకటి కొని, వచ్చినది, పోయినది ఏ రోజుది ఆ రోజు రాయండి. ఇషా నమాజు తరువాత ఐదు నిమిషాలు చాలు. చదువుకున్న అమ్మాయికో అబ్బాయికో ఆ పని అప్పజెప్పండి. ఫోనులో కట్టిన పైసలు కూడా రాయాలి, చేతికి తగలని ఖర్చే అన్నిటికన్నా జారుడు ఖర్చు.

జీతమో కూలో అందిన నాడే పొదుపు తీసి పక్కన పెట్టండి. రోజు కూలీ వారికి గల్లగురిగి చాలు. ఈదు, బడి ఫీజులు, వానాకాలం మరమ్మతు, ఇవి చెప్పకుండా వచ్చే ఖర్చులు కావు. ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలనెలా తీయండి.

విందు కోసం అప్పు చేయవద్దు. నిఖాకు కావలసినవి ఇజాబ్, ఖబూల్, సాక్షులు, మెహర్. బిర్యానీ డేగులు ఎన్ని అన్నది షరియత్‌లో లేదు. ఈ మాట అబ్బాయి తరఫు వారు ముందుగా అంటే బాగుంటుంది. అమ్మాయి తండ్రి అంటే పిసినారి అంటారు.

ఇక ఆ కుట్టుమిషను సంగతి. సభ్యులు కొంత, చుట్టాలు కొంత వేసుకుని అసలు కట్టి, మిషను విడిపించాము. వడ్డీ కింద పోయిన 43,200 మాత్రం తిరిగి రాలేదు. వచ్చే దారి కూడా లేదు. ఇప్పుడు ఆ ఇంటి చెల్లెమ్మ మిషను సొరుగులో ఒక నోటుబుక్కు పెట్టుకున్నది. ఏ రవికెకు ఎంత వచ్చింది, దారానికి ఎంత పోయింది రాసుకుంటున్నది. మొదటి నెలలో మిగిలింది 210 రూపాయలు. సంఘం ఖర్జె హసనా నిధిలో అందులోంచి 50 వేయమని పంపింది. మేము వద్దన్నా వినలేదు.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ఇచ్చి, మన ఇళ్లను అప్పుల నుంచి కాపాడుగాక. ఆమీన్.