శిల్పమున వాదము: ఫణిగిరి, అలంపురము

మాటలతోఁ జేయు వాదమున సిద్ధాంతమును, హేతువును వేర్వేఱుగాఁ గానవచ్చును. శిల్పమున నా రెండును నొక్క చూపులోనే యిమిడియుండును. చూచువాఁడు హేతువును దానే యూహించుకొని సిద్ధాంతమును జేరును. కావున శిల్పవాదమునకు బల మెక్కువ. దానిని బరీక్షింపవలసిన యావశ్యకతయు నెక్కువ. పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలోని రెండు స్థలము లిందులకు నిదర్శనములు.

నేఁడు సూర్యాపేట జిల్లాలో నున్న ఫణిగిరి బౌద్ధక్షేత్రమున నొక స్తంభశాసనము లభించినది. ఇక్ష్వాకురాజగు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమునఁ బ్రధానవైద్యుఁ డొకఁడు ధర్మచక్రమును నిలిపెనని యది తెలుపుచున్నది. చక్రము చక్రవర్తి లాంఛనము. బౌద్ధులు దానినే బుద్ధుని ప్రథమోపదేశమునకు గుఱుతుగాఁ గైకొనిరి. శాసనము కాలమును రాజు పేరఁ గొలుచుచుండఁగా, చక్రము ధర్మమే యేలిక యని సూచించుచున్నది. ఆ రాజు పేరిట రుద్రుఁడున్నాఁడు. అయినను వైద్యుఁడు రాజును ధిక్కరింపలేదు. రాజలాంఛనముతోనే తన ధర్మము పక్షమున వాదించెను.

తుంగభద్రాతీరమందలి యలంపురము నేఁడు జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. అచ్చటి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల నాఁటివి. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, వీరబ్రహ్మ మొదలగు పేరులు బ్రహ్మవి, ఆలయములు శివునివి. వినయాదిత్యుని కాలపు (681-696) స్వర్గబ్రహ్మాలయమున లింగోద్భవమూర్తి గలదు. ఆ గాథలో నగ్నిస్తంభముయొక్క కొనను బ్రహ్మయు, మొదలును విష్ణువును వెదకి కానలేకపోయిరి. చెక్కిన రాయి చిన్నది. దాని మేర కంటి కగపడుచునే యున్నది. అయినను వెదకినవారి మహిమయే యిచటఁ గొలబద్ద. అంతవారికే యందనిది మేరలేని దగునని చూచువాఁడు తలపోయును. ఇట్లు ప్రతివాదులే సాక్షులైరి.

అయితే యా సాక్షులకు మాఱుపలుకు నవకాశము లేదు. అదే వంశమువారి బాదామి మూఁడవ గుహ (578) విష్ణ్వాలయము. అందుఁ ద్రివిక్రముఁడు లోకముల కొలఁది మీఱి కాలెత్తి నిలిచియున్నాఁడు. ఒక వంశము నేలుబడిలోనే రెండు శిల్పములు రెండు దైవములకుఁ బరత్వమును సాధించుచున్నవి. కావున లింగోద్భవమును జూచి వైష్ణవ మోడిపోయెనని చరిత్రకారుఁడు నిర్ణయింపరాదు. ప్రతిష్ఠించినవారు లోకమును దేనిని నమ్మింపఁగోరిరో దానికి మాత్రమే శిల్పము ప్రమాణము. నమ్మింపవలసి వచ్చెననుటవలన, నాఁ డా విషయ మందఱకు నంగీకృతము గాదని యూహించుటకును నదియే యాధారము.