ఋణచరిత్రము

సంచికాసంపాదకులు మన కులపూర్వులను గూర్చి యొక చరిత్రవ్యాసము వ్రాసి పంపుఁడని మమ్ము కోరిరి. గోత్రములు, శాసనములు, దానధర్మములు మున్నగువానిని గూర్చి వెనుకటి సంచికలలో మాకంటె సమర్థులైనవారు వ్రాసియున్నారు. దానము లిచ్చినవారి పేరులు ఱాతిమీఁద నిలిచినవి. అప్పులు చేసినవారి పేరులు ప్రోనోటుల మీఁద మాత్రమే యుండి, బాకీ తీఱినవెంటనే చింపివేయఁబడినవి. మన యిండ్ల చరిత్రలో సగపాలు ఈ చింపివేసిన కాగితములతోడనే పోయినదని మా యభిప్రాయము. ఆ సగపాలును గూర్చి యించుక వ్రాయఁబూనితిమి. ఉత్సవసమయమున కిది తగిన ప్రసంగము కాదని తలంచువారు మమ్ము క్షమింతురుగాక.

ఈ విషయమున మన భాషకు మాటల కొఱఁత లేదు. ప్రక్కయింటనుండి తెచ్చి నాలుగు దినములలోఁ దిరిగి యిచ్చునది చేబదులు. దానికి వడ్డీ లేదు, కాగితము లేదు. కొట్టులో సరకు తెచ్చుకొని, పంట వచ్చినప్పుడో జీతము వచ్చినప్పుడో పైకము ముట్టఁజెప్పునది అరువు. దానికి షాహుకారు ఖాతాలో నొక పద్దు చాలును. వడ్డీకిఁ దెచ్చి పత్రము వ్రాసి యిచ్చునది అప్పు. వస్తువును లేక భూమిని చూపి తెచ్చునది తాకట్టు. ధాన్యము తెచ్చి పంటనాఁడు దానికి సగము చేర్చి కొలిచి యిచ్చెడి పద్ధతిని తెలంగాణపు పల్లెలలో నాగు అనిరి. మా బాల్యమున అరువు సిగ్గుపడవలసిన పని కాదు. మా తల్లిగారు మమ్ము కొట్టునకుఁ బంపుచు, "పద్దు వ్రాసికొమ్మని చెప్పు నాయనా" యని వీధివాకిట నిలిచి పలుకుట మాకు బాగుగా జ్ఞప్తియున్నది. అప్పు అను మాట మాత్రము తలుపు మూసినపిమ్మట, వంటయింటిలో, మెల్లఁగా వినవచ్చెడిది. ఈ రెండింటికిని నడుమ నొక గోడ యుండెడిది. ఆ గోడ యెట్లు కూలెనో తరువాతఁ జెప్పెదము.

మనువు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, వానిలో ఋణాదానమును మొట్టమొదట నిలిపెను. చౌర్యసాహసములు దానికిఁ దరువాతివే. బ్రాహ్మణుఁడు పుట్టుకతోడనే ఋషులకును దేవతలకును పితరులకును ఋణపడియుండునని తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. అరణ్యపర్వమున యక్షునకుఁ బ్రత్యుత్తర మిచ్చుచు ధర్మరాజు ఋణము లేని గృహస్థుని సుఖులలో లెక్కించెను. తండ్రి చేసిన బాకీని కొడుకు తీర్పవలయునని స్మృతికర్త లందఱును విధించిరి. ఇంతవఱకు మన సభలలో నుపన్యసించువారందఱును చెప్పుదురు. మేమును పాఠశాలలో ముప్పదియేండ్లకుఁ బైగాఁ జెప్పితిమి.

అయితే ఆ గ్రంథములలోనే దీని కావలి సగము గూడఁ గలదు. కుదువ యున్న ఋణమునకు నెల కొకటికి మూలధనములో ఎనుబదవవంతు, అనఁగా నూటికి 1¼, వృద్ధిగాఁ గ్రహింపవలయునని మనుయాజ్ఞవల్క్యులు చెప్పిరి. కౌటిల్యుఁడును ఈ మొత్తమునే ధర్మ్యమనెను. కుదువ లేనిచో వర్ణక్రమమున నూటికి 2, 3, 4, 5 చొప్పునఁ గ్రహింపవచ్చునఁట. ఈ తారతమ్యమును మేము మెచ్చము. తక్కువ స్థితిలో నున్నవాఁడే యెక్కువ వడ్డీ యిచ్చుట ఆనాఁటనుండియే గలదని మాత్రము చదువరులు గుర్తింపవలయును. అడవుల దాఁటిపోవు వర్తకునకు 10, సముద్రయానము చేయువానికి 20. ప్రమాదమును బట్టి వృద్ధి. ఈ యంకెలకంటె ముఖ్యమైనది వృద్ధికిఁ బెట్టిన కట్ట. బంగారమున కిచ్చిన ఋణము రెట్టింపును, ధాన్యము మూఁడింతలను, వస్త్రము నాలుగింతలను మించి పెరుఁగరాదని యాజ్ఞవల్క్యుఁడు శాసించెను. చక్రవృద్ధి గ్రహింపరాదని మనువు వారించెను. మద్యమునకును జూదమునకును తండ్రి చేసిన బాకీ కొడుకుపైఁ బడదని గూడఁ గలదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను కళ్యాణచాళుక్యుఁడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుఁడు రచించెను. దానిని పదుమూఁడవ శతాబ్దమున, తిక్కనసోమయాజి కాలమువాఁడైన కేతన, విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. తెలుఁగువానికి ధర్మశాస్త్రము తన భాషలో లభించి ఏడు వందల యేండ్లు దాఁటినది.

ఋణికుని కర్తవ్య మొక సగము. ధనికుని హద్దు రెండవ సగము. మనము మొదటిదానిని శతకపద్యములతోఁ గూడ వల్లెవేసితిమి, రెండవదానిని మఱచితిమి. ఈ మఱపునకు ఫల మెట్టిదో మా యింటి కథతోనే చెప్పవలసియున్నది.

1855లో కుంఫిణీ ప్రభుత్వము వడ్డీపరిమితి చట్టములను రద్దుచేసెను. రెట్టింపు మించరాదను స్మృతినియమమును బొంబాయి రాజధాని న్యాయస్థానములు దామ్‌దుపట్ అను పేర నిలుపుకొన్నవి గాని, మన మద్రాసు రాజధానిలో నది చెల్లలేదు. మఱియొక సంగతి: ప్రోనోటునకు మూఁడేండ్ల కాలదోషము. ఆ గడువు దాఁటకమునుపే నోటును తిరుగవ్రాయించుకొనుట యాచారమయ్యెను. తిరుగవ్రాయునపుడు తీఱని వడ్డీ అసలులోఁ గలియును. మనువు వారించిన చక్రవృద్ధి యీ విధముగాఁ బెరటిదారిని లోనికి వచ్చెను.

మా పితామహులు 1926 సంక్రాంతికి నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీపై 600 రూపాయలు తెచ్చిరి. కారణము ఆఁడుబిడ్డ వివాహము. మూఁడేండ్ల కొకమాఱు సంక్రాంతికి 300 రూపాయలు చెల్లించి, మిగిలినదానికి నోటు తిరుగవ్రాసి యిచ్చిరి. 1929లో నోటు 624, 1932లో 661, 1935లో 718, 1938లో 805. పండ్రెండేండ్లలో 1,200 రూపాయలు చెల్లించినపిమ్మట, తెచ్చిన మొత్తముకంటె 205 రూపాయ లెక్కువ బాకీపడియుండిరి. ఆయన త్రాగలేదు, జూదమాడలేదు, ఒక్క వాయిదాయు తప్పలేదు. లెక్క నడిచిన తీరే అట్టిది. దావా పడినయెడల ఇంటి వెనుక దొడ్డి వేలమునకు వచ్చెడిది.

అదే సంవత్సరమున, రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రిగాను టంగుటూరి ప్రకాశము పంతులుగారు రెవెన్యూ మంత్రిగాను ఉండఁగా, మద్రాసు వ్యవసాయకుల ఋణవిమోచన చట్టము, 1938వ సంవత్సరపు 4వ చట్టము, అమలులోనికి వచ్చెను. 1932 అక్టోబరు 1వ తేదీకిఁ బూర్వపు ఋణములలో, 1937 అక్టోబరు 1వ తేదీనాఁటికి నిలిచిన వడ్డీ రద్దయ్యెను. నోటు లెన్నిమాఱులు తిరుగవ్రాసినను, మొదట తెచ్చిన అసలునకు రెట్టింపు ముట్టియున్నచో బాకీ సర్వము తీఱినట్లే. క్రొత్త ఋణములకు రూపాయికి నెల కొక పై, అనఁగా ఏఁటికి నూటికి 6¼ మాత్రమే వడ్డీ. ఆఱు వందలకు రెట్టింపు పండ్రెండు వందలు. మా పితామహులు దానిని సరిగా నా సంక్రాంతికే ముట్టఁజెప్పియుండిరి.

ఋణదాత మన కులమువారే. ఆయన పెద్దమనుష్యులను వెంటఁబెట్టుకొని వచ్చి, "సర్కారు చట్టమును చాటుచేసికొని బాకీ యెగవేయుట మనవంటివారికిఁ దగునా బావా" యని యడిగెనఁట. మా పితామహులు లోపలికిఁబోయి యాజ్ఞవల్క్యస్మృతి తెచ్చి వ్యవహారాధ్యాయము చూపి, "ఇది సర్కారుది కాదు బావా, మనదే" యనిరఁట. న్యాయము మా వారి పక్షమున నుండెనని మేము నమ్ముదుము. అయినను ఆ రెండు గడపలకును నలువదియేండ్లు పెండ్లిపిలుపులు నడవలేదు. అప్పిచ్చినవాఁడును పెద్ద ధనవంతుఁడు కాఁడు. ఆయనయు నొక కూఁతునకుఁ బెండ్లి చేయవలసియుండెను. ఈ మాట మా యింటఁ జెప్పెడివారు కారు. ఆ యింటివారివలన మేము పెద్దయైనపిమ్మట వింటిమి.

ఇఁక నేఁటి సాధనమునకు వత్తము. 1888లో అమెరికాలో ప్రకటితమైన ఎడ్వర్డ్ బెల్లమీ నవలలో క్రెడిట్ కార్డు అను మాట కానవచ్చును. అందది ప్రజలకు రాజ్య మిచ్చు పాలు, ఋణము కాదు. 1950లో న్యూయార్కు నగరమున ఫ్రాంక్ మెక్‌నమారా మొదలగువారు డైనర్స్ క్లబ్బు కార్డును స్థాపించిరి. అది అట్టముక్క, భోజనశాలలోఁ జూపి తిని, నెలకడపట మొత్తము చెల్లించుట. మన కొట్టుపద్దు వంటిదే. అరువే గాని అప్పు కాదు. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరమున, అడుగనివారికి సైతము టపాలో దాదాపు 60,000 కార్డులు పంచినప్పుడు, మిగిలిన బాకీని వడ్డీతో ముందునకు జరుపుకొను సదుపాయము గూడఁ జేర్చిరి. మేము చెప్పిన గోడ కూలిన దచ్చటనే. అరువుగాఁ దెచ్చినది గడువుదినము దాఁటిన మఱునాఁడు అప్పగును. తలుపు మూయఁబనిలేదు, కాగితము వ్రాయఁబనిలేదు.

మన తెలుఁగుదేశమున కీ కార్డు వచ్చిన త్రోవ విశేషమైనది. 1923లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో నాంధ్రాబ్యాంకును స్థాపించిరి. ఆ బ్యాంకే 1981లో, మన దేశమున క్రెడిట్ కార్డులు నెలకొల్పిన మొదటివారిలో నొకటిగా, ఈ సాధనమును ప్రవేశపెట్టెను. 2020 ఏప్రిల్ 1వ తేదీన నది యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. 1981లో మేము సంస్కృతవిద్యార్థులము. కార్డు అనఁగా మాకు తపాలాకార్డే.

దాని లెక్క చూతము. నెలకు నూటికి 3½ వడ్డీ గల కార్డుపై 50,000 బాకీ యున్నదనుకొనుఁడు. కనీసమొత్తము నూటికి 5 చొప్పున 2,500. అందు వడ్డీ 1,750. ఆ వడ్డీపై నూటికి 18 చొప్పున జి.యస్.టి. 315, అసలులోఁ దఱుఁగునది 435. పైఁగా, బాకీ నిలిచియుండఁగాఁ గొన్న క్రొత్త వస్తువునకు వడ్డీలేని గడువు లభింపదు. 2008లో జాతీయ వినియోగదారుల వివాద పరిష్కార సంఘము ఏఁటికి నూటికి 30 మించి గ్రహింపరాదని నిర్ణయించెను. 2024 డిసెంబరు 20వ తేదీన సుప్రీముకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. యాజ్ఞవల్క్యుని రెట్టింపు కట్ట ఇచ్చట లేదు. అడుగనివారికిఁ గార్డు పంపరాదను నియమము మాత్రము 2022 నాఁటి రిజర్వుబ్యాంకు ఆదేశములలోఁ గలదు.

కార్డు ద్వేషింపఁదగినదని మేము చెప్పము. మా కుమారుఁడు తన కార్డునకు అనుబంధముగా మా కొకటి యిప్పించెను, రైలుటిక్కెట్టులకు వాడుకొందుము, గడువునకు ముందే మొత్తము చెల్లింతుము. ఇట్లు చేయువానికి నెలకుఁ బైగా వడ్డీలేని యరువే. అమెరికాలో నున్న మన బాంధవులు చెప్పుమాట యింకను వింతయైనది. అచ్చట 1989 నుండి ఫైకో యను లెక్క వాడుకలో నున్నది. ఎన్నఁడు నప్పు చేయనివానికి ఆ లెక్కలో స్థానమే లేదు గనుక ఇల్లు అద్దె కిచ్చువారు సైతము సందేహింతురఁట. ధర్మరాజు సుఖియన్న గృహస్థుఁడు అచ్చట ఊరు పేరు లేనివాఁడు.

2019లో మా పినతండ్రి మనుమఁడు, హైదరాబాదులో నుద్యోగము చేయుచున్న యువకుఁడు, ఒక యుదయమున మా యింటికి వచ్చి, "పెదనాన్నగారూ, నలువది వేలు చేబదులు కావలయును" అనెను. కార్డు బాకీ యని తెలిసికొని మేము సుమతిశతకములో అప్పుచేసి చేయు విభవమును నిందించిన పద్యమును జదివి, అర్థము చెప్పి, కాఫీ యిప్పించి పంపివేసితిమి. బాకీ యెంత, వడ్డీ యెంత, యేల చేసితివని యడుగలేదు. తండ్రి శస్త్రచికిత్సకుఁ జెల్లింపఁగా మిగిలిన బాకీ యని తరువాతఁ దెలిసినది. అతఁడు మఱి యే బంధువునొద్దకును బోలేదు. ఒక కార్డునుండి రొక్కము తీసి యింకొకదానికిఁ గట్టెను. రొక్కమునకు తీసిననాఁటనుండియే వడ్డీ. 2021 నాఁటి కది 2,60,000 అయ్యెను. పినతండ్రిగారి వాటాకు వచ్చిన దొడ్డి, 1938లో నిలిచిన ఆ దొడ్డియే, అమ్మిరి. ఆ యేఁటనే మన సహాయనిధి సమితిలో, దుర్వ్యయఋణములకు సహాయము చేయరాదను తీర్మానమునకు మేమును చేయి యెత్తితిమి. ఆ తీర్మానమును ఈ మహాసభయందు మఱల విచారింపవలయునని మా మనవి.

మా పితామహులు తీఱిన నోటులను చింపలేదు. అవి మా పెట్టెలో నున్నవి. క్రిందటి దీపావళికి ఆ యువకుఁడు వచ్చినప్పుడు చూపితిమి. అతఁడు చాలసేపు చూచి, తన కార్డు వడ్డీయే యైనచో ఈ యాఱు వందలు పండ్రెండేండ్ల కెంత యయ్యెడిదో యని సెల్‌ఫోనులో లెక్కగట్టెను. మేము కాగితముమీఁద వేఱుగా వేసితిమి. మూఁడేండ్ల కొకమాఱే వడ్డీ అసలులోఁ గలిపి, ప్రతిమాఱు 300 చెల్లించినను, ఇరువురి లెక్కయు 9,679 రూపాయలకు వచ్చినది. "నెలనెలా కలుపుతారు పెదనాన్నగారూ" యని యతఁడు నోటులను వరుసగా మడిచి మా చేతి కిచ్చెను.